తెల్లనివన్నీ పిండినల్లి కాదు

తమిళ మీడియంలో చదివి, తెలుగు మన సంఘంలోనే దిద్దుకున్నవాణ్ణి. రాతలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో మాత్రం నేను సర్దుకుపోను.

మన గ్రూపులో ఎవరైనా సక్యులెంట్ ఫోటో పెట్టి "ఆకుల మీద తెల్లగా ఉంది, ఏం చేయాలి?" అంటే రెండు నిమిషాల్లో పది మందుల పేర్లు వస్తాయి. అసలది పురుగేనా అని అడిగేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి. అందుకే రాస్తున్నాను.

పోయిన ఏడాది మా పడగ్గది కిటికీలో ఉన్న ఎచెవేరియా ఆకులు విభూతి పూసినట్టు తెల్లగా కనిపించాయి. పొలాలకు కొట్టే మందు తెచ్చి, తలుపులు మూసిన గదిలోనే కొట్టాను. ఆ రాత్రంతా మనవరాలు దగ్గుతూనే ఉంది. తర్వాత తెలిసింది, ఆ తెలుపు ఆ మొక్క సొంత మైనపు పూత, ఎండ నుంచి కాపాడేది. లేని పురుగుకి విషం కొట్టాను. పీల్చింది పసిపిల్ల.

"ఏదైతేనేం, ఒక స్ప్రే కొడితే అన్నీ చస్తాయి" అంటారు. చావవండీ. మంచంలో నల్లి, పిండినల్లి, ఎర్రనల్లి మూడూ పేరుకే చుట్టాలు. ఎర్రనల్లి సాలీడు జాతిది, చాలా పురుగుమందులకు లొంగదు. పిండినల్లిని తమిళంలో మావుప్పూచ్చి అంటాం. దాని ఒంటిమీది మైనం మందుని లోపలికి పోనివ్వదు.

పోల్చుకోవడంలో పొరపాటు మన ఊరికి కొత్త కాదు. కుంపిణీ డాక్టరు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో నాగజెముడు తోట పెంచారు, కోచినీల్ పురుగు నుంచి ఎర్రరంగు తీయాలని. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు వచ్చింది. వచ్చింది మేలిరకం కాదు, అడవిరకం. రంగు నాసిరకం, పైగా పురుగు నాగజెముడునే తినేసింది. ఈ కోచినీల్ కూడా పిండినల్లికి దగ్గరి చుట్టమే, చూడ్డానికి అదే తెల్లదూది.

కాబట్టి ముందు చూడండి. తెలుపు ఆకంతా సమంగా ఉంటే అది పూత, ముట్టుకోకండి. ఆకు మొదట్లో దూది ఉండల్లా ఉండి, చుట్టూ జిగురు, చీమలు కనిపిస్తే పిండినల్లి. కాడకి అంటుకున్న గోధుమరంగు బొడిపె గోటితో గీకితే ఊడొస్తే పొలుసు పురుగు. సన్నని బూజు, తుప్పు చుక్కలు ఉంటే తెల్లకాగితం మీద ఆకు దులపండి, చుక్కలు నడిస్తే ఎర్రనల్లి. కుండీ మట్టిలో తెల్లరేణువులు కనిపిస్తే వేళ్ళతో నలపండి. గట్టిగా ఉంటే పెర్లైట్, మెత్తగా చిదిమితే వేరు పిండినల్లి. ఆకులు నీరుకారి మెత్తబడితే అది పురుగు కాదు, మీరు పోసిన నీళ్ళు.

పిండినల్లి అని తేలితే కుండీని మిగతావాటికి దూరంగా పెట్టండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, దీపానికీ పొయ్యికీ దూరంగా, ఒక్కొక్క పురుగునీ తుడవండి. ముందు ఒక ఆకు మీద పరీక్షించండి. గుడ్లు దూదిలో దాక్కుంటాయి కనుక వారానికోసారి, మూడు నాలుగు వారాలు చేయాలి. వేరుకి పడితే మట్టంతా కడిగి, వేళ్ళు ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. వేపనూనె మంచిదే గానీ ఎచెవేరియా పూతను పోగొడుతుంది. పంటల కోసం అమ్మే మందు పడగ్గదికి వద్దేవద్దు.

నేను రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. లేబుల్ చూడకుండా ఒక్క మూట బండెక్కించలేదు. మన గ్రూపులోనూ పురుగు పేరు తేలకుండా మందు పేరు చెప్పకూడదని వచ్చే మీటింగులో ప్రతిపాదిస్తున్నాను. కాదనేవాళ్ళు తమ కుండీ పట్టుకు రండి. భూతద్దం నేను తెస్తాను.