తాత పేరు రాయి మీద మిషన్ పెట్టకుండ్రి

ఇంట్లో పెండ్లి కుదిరింది, సంతోషం. గోడలకు రంగులు, ఫర్షీకి పాలిష్ అన్నీ కావాల్సినవే. కానీ మొన్న ఫోన్‌లో తమ్ముడు అన్నడు: "గడప పక్క గోడకున్న తాత పేరు రాయి మసకబారింది అన్నా. దానికి గూడ పాలిష్ పట్టిస్తే అద్దం లెక్క మెరుస్తది." ఆ మాటకే ఇది రాస్తున్న. నాందేడ్‌లో ఉన్నోళ్లు, నిజామాబాద్‌లో ఉన్నోళ్లు, పుణెకు పోయిన పిల్లలు అందరూ చదవాలె.

ఆ రాయి సంగతి పిల్లలకు తెల్వదు. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడు తాత పెట్టించిన పాలరాయి అది. పైన ఉర్దూ, నడుమ మరాఠీ, కింద తెలుగు. 1956లో నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, 1960లో మహారాష్ట్ర అయింది. ఇల్లు కదలకుండానే మూడు రాష్ట్రాలు చూసింది. మన గల్లీలో తెలుగు అక్షరం ఉన్న గోడ ఇప్పుడు అదొక్కటే.

పాలిష్ అంటే తుడుచుడు కాదు, అరగదీసుడు. మోస్ కొలతలో పాలరాయి కాఠిన్యం దాదాపు 3. దాన్ని రుద్దే కార్బొరండం 9 దాటుతది. ముందు గరుకు రాయి, తర్వాత 120, 220, 400 అని సన్నవి. ముందటి రాయి గీసిన గీతలు పోయేదాకా తర్వాతి రాయి అరగదీస్తది. మీరు చూసి మురిసే మెరుపు కొత్తగా వచ్చి చేరింది కాదు. పై పొర పోతే బయటపడ్డది. నేలకైతే ఆ పొర పోయినా పర్వాలేదు. అక్షరానికి లోతే ప్రాణం. పైన అరిగినంత మేర అక్షరం లోతు తగ్గుతది, అంచులు మొద్దుబారుతయి.

ఇది ఊహ కాదు. పోయిన దీపావళికి దేవునర్ర గడప బండకు పాలిష్ పట్టిస్తిమి. నాయనమ్మ దగ్గరుండి చెక్కించిన ముగ్గు ఒక పక్క మొత్తం పోయింది. పనాయన తప్పు లేదు, మనం చెప్పిన పనే చేసిండు. ఆ పక్క బండ ఇప్పుడు బాగా మెరుస్తంది, అమ్మ దాని మీద రెండుసార్లు కాలుజారింది గూడ.

"వేయిస్తంభాల గుడిని కాకతీయులు నునుపు చేసింది రాపిడితోనే కదా" అని చిన్నాయన అంటడు. నిజమే. కురువిందం మనకు కొత్త కాదు. కొరండం అనే ఇంగ్లీషు మాట గూడ మన దక్షిణాది భాషల నుంచి పోయిందే. కానీ ఆ శిల్పి నునుపు పెట్టింది తన పనికి, పని ముగించేటప్పుడు. మనం పెట్టేది ఇంకొకరి పనికి, వాళ్లు లేనప్పుడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా బొమ్మ ఉంది. అదీ పాలరాయే. కొంచెం మాసిందని దాని మొహం మీద గ్రైండర్ పెడతమంటే ఊకుంటమా? తాత పేరు అంతకన్న అగ్గువనా?

మసక ఎందుకొచ్చిందో గూడ చెప్తా. ఏండ్ల తరబడి పండుగపూట ఇత్తడి తోమిన చేత్తోనే, అదే చింతపండుతో, ఆ రాయిని గూడ రుద్దినం. పులుపు ఇత్తడిని మెరిపిస్తది, పాలరాయిని తింటది. నమ్మకపోతే పగిలిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి చూడుండ్రి, నురుగొస్తది. చింతపండు, నిమ్మకాయ, బాత్రూం యాసిడ్ ఏదీ దాని దగ్గరికి రావద్దు.

మరి ఏం చెయ్యాలె? మంచినీళ్లు, మెత్తటి బట్ట. జిడ్డు మరకుంటే ముల్తానీ మట్టి తడిపి పట్టించి, ఆరినంక మెల్లగ తీసి నీళ్లతో కడగాలె. పురావస్తు శాఖోళ్లు తాజ్‌మహల్‌కు వేసేది గూడ ఆ మట్టి పట్టే. అక్షరాల్లో నల్లరంగు పోయిన చోట సన్న కుంచెతో మళ్లీ నింపుదాం. ఒక ఆదివారం పని. నేనొస్త, రంగు ఖర్చు నాది.

హాలు ఫర్షీకి ఎంత పాలిష్ పెట్టించినా నేను అడ్డం రాను. ఆ ఒక్క రాయిని మాత్రం ముట్టొద్దు. కొత్త కోడలు గడప దాటేటప్పుడు మెరిసే రాయి చూడకపోయినా ఫరవాలేదు, తాత పేరు చదవాలె.