హెడ్ మార్చాలా, ఇంజనే మార్చాలా? ముందు గాలి ఎటు పోతోందో చూడండి



దమ్ముల సీజన్ దగ్గర పడుతోంది. ఏటా ఈ రోజుల్లోనే మెకానిక్ షెడ్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. నీళ్లు మరిగిపోతున్నాయనో, పొగ ఎక్కువైందనో, బండి లాగట్లేదనో తీసుకెళ్తాం. అక్కడ ఒకరు "హెడ్ పోయింది, మార్చేద్దాం" అంటారు. ఇంకొకరు "ఈ ఇంజన్ పనైపోయింది, సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఒకటుంది, ఎక్కించేద్దాం" అంటారు. మనకేమో నారు ముదిరిపోతుంటుంది. ఆ కంగారులో ఏది తొందరగా అవుతుందంటే దానికి తలూపేస్తాం.

నేను చెప్పేది ఒక్కటే. ఇది హెడ్‌ని చూసి తేల్చే విషయం కాదు. హెడ్ కింద స్లీవులు, పిస్టన్లు, రింగులు, క్రాంకు, బేరింగులు ఎలా ఉన్నాయో చూసి తేల్చాలి. కింద గట్టిగా ఉంటే హెడ్ పని చాలు. కింద పోయి ఉంటే కొత్త హెడ్ పెట్టడం, కూలే గోడల మీద కొత్త రేకులు వేసినట్టే. చూడకుండా ఇంజనే మార్చడమంటే, రేకు కారుతోందని ఇల్లు పడగొట్టినట్టు.

మరి కింద ఎలా ఉందో తెలిసేదెలా? హెడ్ విప్పకముందే తెలుసుకోవచ్చు. ఇంజన్ బాగా వేడెక్కాక బ్రీదర్ పైపు దగ్గర చూడండి. పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తుంటే రింగుల్లోంచి గ్యాసు కిందికి దిగుతోందని అనుమానించాలి. తర్వాత వేడి మీదే, స్లో రేసులో ఆయిల్ ప్రెషర్ ఎంత ఉందో గేజి పెట్టి చూడమనండి. ప్రెషర్ బాగా పడిపోతుంటే బేరింగులో, ఆయిల్ పంపో అరిగి ఉండొచ్చు. ఆ జబ్బుకి హెడ్‌తో సంబంధం లేదు.

అన్నిటికన్నా నిజం చెప్పేది గాలి పరీక్ష. ఇంజెక్టర్ తీసి, ఆ రంధ్రానికి అడాప్టర్ బిగించి, ఆ సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, కంప్రెసర్ గాలి వదలాలి. గాలి తోపుకి ఇంజన్ తిరగొచ్చు. కాబట్టి బండి గేరులో ఉండాలి, బ్రేకు లాక్ చేసి ఉండాలి, ఫ్యాన్ దగ్గర ఎవరి చేయీ ఉండకూడదు. ఇప్పుడు చెవి పెట్టి వినండి. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ క్లీనర్ వైపు వస్తే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్లో బుడగలు లేస్తే చాలాసార్లు హెడ్ గ్యాస్కెట్ గానీ, హెడ్ పగులు గానీ. ఇవి పై జబ్బులు. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి తన్నితే రింగులు, స్లీవులు. అది కింది జబ్బు. రింగుల సందుల్లోంచి కొద్దిగా గాలి ఏ ఇంజన్లోనైనా పోతుంది. అందుకని ఒక్క సిలిండర్‌తో ఆపకుండా అన్నీ చూసి పోల్చాలి.

ఆయిల్లో నీళ్లు కలిసి, స్టిక్కు తీస్తే పాలు కలిపిన కాఫీలా కనిపించిందనుకోండి. వెంటనే "హెడ్ గ్యాస్కెట్టే" అంటారు. కావచ్చు. కానీ నీళ్లలో నిలబడే స్లీవులున్న ఇంజన్లలో, స్లీవు అడుగున రబ్బరు రింగులుంటాయి. అవి పాడైనా నీళ్లు నేరుగా ఆయిల్లోకే దిగుతాయి. అప్పుడు హెడ్ మార్చినా నీళ్లు ఆగవు. మా ఊళ్లో ఒకాయనకి ఇదే జరిగింది. కొత్త హెడ్ పెట్టి పది రోజులు దున్నాడు, మళ్లీ ఆయిల్ కాఫీ అయింది. రెండోసారి విప్పితే కారుతున్నది అడుగు రబ్బర్లు. హెడ్ విప్పకముందే ఆయిల్ చాంబర్ దించి, రేడియేటర్ నిండా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచితే చుక్క ఎక్కడ పడుతుందో కళ్లకే కనబడేది.

చాంబర్ ఎలాగూ దించాం కాబట్టి బిగ్ ఎండ్ బేరింగు ఒకటి విప్పించి చూడండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బండి ఎంతసేపు నడిచిందన్నది ఇక్కడే బయటపడుతుంది. చూసిన వెంటనే ఆపేసిన బండి వేరు, "ఈ ఎకరం అయిపోనీ" అని లాగించిన బండి వేరు. బేరింగు మీద గీతలు పడి ఉంటే హెడ్ ఒక్కటే మారిస్తే సరిపోదు.

కింద అంతా బాగుందని తేలితే ధైర్యంగా హెడ్ పనికి వెళ్లండి. అక్కడ కూడా కొత్త హెడ్డే కొనాలని లేదు. పగుళ్లు లేకపోతే వాల్వులు, గైడ్లు, సీట్లు మార్చి, హెడ్ వంగి ఉంటే ఫేసింగ్ చేయిస్తే పాతదే పనికొస్తుంది. అయితే ఫేసింగ్ చేసినకొద్దీ హెడ్ పలచబడుతుంది, వాల్వు పిస్టన్‌కి దగ్గరవుతుంది. కంపెనీ చెప్పిన హద్దు దాటితే ఇక ఆ హెడ్ వద్దు. బోల్టులు టార్క్ రెంచితో, నడిమి నుంచి బయటికి వరసలో బిగించాలి. చేతి అంచనా పనికిరాదు.

ఇంకో మాట. హెడ్ ఊరికే పగలదు. రేడియేటర్ జాలీలో ఊక, గడ్డి ఇరుక్కుందా, ఫ్యాన్ బెల్టు వదులైందా, వాటర్ పంపు కారుతోందా చూడండి. ఉప్పు బోరు నీళ్లు పోసి పోసి లోపల సున్నం పేరుకుంటే వేడి బయటికి పోదు. కారణం వదిలేసి హెడ్ మారిస్తే రెండో హెడ్‌కీ అదే గతి.

కింది భాగం పోయిందని తేలినా, ఇంజన్ మార్చడమే దారి అనుకోవద్దు. మధ్యలో రిపేరు దారి ఉంది. స్లీవులు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేసి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, దానికి సరిపోయే సైజు బేరింగులు వేయడం. రోజులు ఎక్కువ పడుతుంది గానీ, మీ ఇంజన్లో ఏముందో మీకు తెలిసి ఉంటుంది. కొనే సెకండ్ హ్యాండ్ ఇంజన్లో ఏముందో అమ్మేవాడు చెప్పిందే మనకి తెలుస్తుంది.

ఇంజన్ మార్చడం తప్పని నేననను. బ్లాకు పగిలినా, కనెక్టింగ్ రాడ్ విరిగి పక్కకి పొడుచుకొచ్చినా, క్రాంకు ఆఖరి సైజుకి కూడా రాకపోయినా మార్చడమే మేలు కావచ్చు. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి. చాలా ట్రాక్టర్లలో ఇంజన్ బ్లాకే వెన్నెముక. ముందు యాక్సిల్ భారం దాని మీదే, వెనక క్లచ్ హౌసింగ్ దానికే. అంటే బండిని రెండు ముక్కలుగా విడదీయాలి, వచ్చే ఇంజన్ అదే మోడల్‌ది కావాలి. రెండోది, ఆర్‌సీ మీద ఇంజన్ నంబరు ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో నమోదు చేయించాలి. నంబరు కలవకపోతే రేపు అమ్మేటప్పుడు, బీమా అడిగేటప్పుడు, ఫైనాన్సు క్లియరెన్సు దగ్గర మనమే ఇరుక్కుంటాం. ఎక్కడిదో బిల్లు లేని ఇంజన్ అసలు ముట్టుకోవద్దు. కొనేది చల్లటి ఇంజన్‌గా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, వేడెక్కేదాకా నడిపించి, పైన చెప్పిన పరీక్షలన్నీ దానికీ చేయించండి.

మెకానిక్‌లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ల మీదా మన తొందర ఉంటుంది. అందుకే షెడ్డుకి వెళ్లినప్పుడు "ఎంతవుద్ది" అనే ముందు "గాలి ఎటు పోతోంది" అని అడగండి. హెడ్ పనికి, పూర్తి రిపేరుకి, ఇంజన్ మార్పిడికి మూడు లెక్కలు కాగితం మీద రాయించుకోండి. వాటిలో లేత్ పని, గ్యాస్కెట్లు, ఆయిల్, కూలీ, బండి ఆగిన రోజుల్లో బయటి ట్రాక్టర్‌కిచ్చే కిరాయి కూడా కలపండి. అప్పుడు చౌకగా కనిపించింది ఖరీదు కావచ్చు, ఖరీదుగా కనిపించింది చౌక కావచ్చు.

బండి ఇప్పటికే నీళ్లు తాగుతుంటే, పొగ మారి ఉంటే, నారుమడి పోయకముందే ఒక పూట ఈ పరీక్షలకి కేటాయించండి. పొలంలో నీళ్లు పెట్టాక మనకి ఆలోచించే టైముండదు. ఆ టైము లేనప్పుడు తీసుకున్న నిర్ణయానికే వడ్డీ ఎక్కువ కడతాం.