ముగ్గు లేని వాకిలి

ధనుర్మాసంలో తాళం పడిన ఇంటిని పట్టుకోవడానికి దొంగకు పెద్ద తెలివి అక్కర్లేదు. వికారాబాద్ గల్లీల్లో తెల్లారేసరికి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టని వాకిలి కనిపించడం అరుదు. అన్నింటి మధ్య ఒక్క ఇంటి ముందు మొన్నటి ముగ్గు చెరిగిపోయి, దుమ్ము పట్టి ఉందంటే ఆ ఇంటివాళ్లు ఊళ్లో లేరని అర్థం. మిగతా నెలల్లో ఈ గుర్తు ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు.

పైగా చలికాలంలో మన ఊరు కొత్త ముఖాలతో నిండుతుంది. అనంతగిరి మంచు, కోట్‌పల్లి చెరువు చూడ్డానికి హైదరాబాద్ నుంచి కార్లు వరసకట్టి వస్తాయి. గల్లీలో తెలియని బండి ఆగితే వేసవిలో నలుగురు తలెత్తి చూస్తారు. జనవరిలో ఎవరూ పట్టించుకోరు. దారి తప్పిన టూరిస్టులే అనుకుంటారు.

సంక్రాంతి ముందు పోలీసులు ఏటా ఒకటే మాట చెబుతారు: ఊరెళ్తే స్టేషన్‌లో చెప్పి వెళ్లండి అని. మనం వినం. శబరిమల పోతే పంబ దగ్గర దిగిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఊరందరికీ చాటుతాం కానీ, పక్కింటి అక్కకు మాత్రం చెప్పం. చెబితే ఎక్కడ దిష్టి తగులుతుందో అని! నన్నడిగితే తాళం కంటే ముందు చూసుకోవాల్సింది ఆ అక్కనే. రోజూ మీ వాకిలి కూడా ఇంత ఊడ్చి, నాలుగు చుక్కలు పెట్టమంటే ఆమె కాదనదు. పాల ప్యాకెట్, పేపర్ మాన్పించుకోవచ్చు, ముగ్గు మాత్రం ఎవరో ఒకరు వేయాల్సిందే. రాత్రింబవళ్లు బయట లైటు వెలగనిచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. పట్టపగలు వెలిగే బల్బు ఇంట్లో ఎవరూ లేరని దండోరా వేస్తుంది.

తాండూరులో ఇంకో చిక్కుంది. అక్కడ చాలా ఇళ్లకు ప్రహరీ అంటే నిలువుగా పాతిన నాపబండలే. వీధి దర్వాజకు రెండు తాళాలు బిగించి, పెరటివైపు ఛాతీ ఎత్తు బండను మర్చిపోతారు. వెనక తలుపు బేడం ఒకసారి గట్టిగా గుంజి చూడాలి. దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాలిష్ యూనిట్ల రాతిపొడి, సిమెంటు లారీలు లేపే ధూళి తలుపు కింద సందులోంచి లోపలికి వచ్చేస్తాయి. తడిగుడ్డ చుట్టి గడప దగ్గర కుక్కితే తిరిగొచ్చాక సగం చాకిరీ తప్పుతుంది.

చలి దేశాల్లో ఊరెళ్లే ముందు నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయని భయపడతారు. మనకు ఎంత చలి రాత్రయినా ఆ బాధ లేదు. మన ప్రమాదం బకెట్‌లో ఉంటుంది. తెల్లవారుజామున స్నానానికి హీటర్ రాడ్ వేస్తారు, కరెంటు పోతుంది, రైలు టైమవుతోందని చన్నీళ్లే పోసుకుని బయల్దేరతారు. స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు వచ్చాక బకెట్‌లో నీళ్లు ఆవిరైపోతాయి, ప్లాస్టిక్ కరుగుతుంది, ఆ తర్వాత ఏమైనా కావచ్చు. నల్లా కథా ఇదే. తిప్పి చూస్తారు, నీళ్లు రావు, తిప్పినది తిప్పినట్టే వదిలేసి పోతారు. మిషన్ భగీరథ నీళ్లు సాయంత్రం వస్తాయి. అందుకే మెయిన్ స్విచ్ దించడం, ట్యాంకు కింది వాల్వ్ కట్టేయడం, గ్యాస్ రెగ్యులేటర్ తీసేయడం, ఈ మూడూ చెప్పులేసుకున్నాక చేయాల్సిన పనులు. మెయిన్ దించేవాళ్లు ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కాస్త తెరిచి ఉంచితే వాసన పట్టదు.

బంగారం ఇంట్లో పెట్టి పోవడానికైతే నాకు ఒక్క కారణమూ కనిపించదు. ధనుర్మాసంలో పెళ్లిళ్లే ఉండవు. మేడారం జాతర ఏడాదైతే అక్కడికి మనం మోసుకుపోయే బంగారం బెల్లమే. లాకరులో పెట్టండి, కానీ ఒకటి తెలుసుకుని పెట్టండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనమో, అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 2,000 రూపాయలైతే 2 లక్షలు. ఇప్పటి ధరల్లో అది ఎన్ని తులాలకు సరిపోతుందో మీరే లెక్కేసుకోండి.

సంక్రాంతికి ఊరెళ్లేది ఎక్కువగా ఉద్యోగస్తులు, వ్యాపారులు. కంది రైతుకు అప్పుడే పని. తాండూరు కంది కోతకు, కల్లానికి వచ్చేది ఈ నెలల్లోనే.

ఈ జిల్లాలోనే ఇంకో రకం ప్రయాణం ఉంది. కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట తండాల నుంచి జనం పనికోసం ముంబై, పుణె పోతారు. వాళ్ల ఇళ్లలో దొంగ ఎత్తుకుపోవడానికి ఏమీ ఉండదు. భద్రం చేయాల్సింది ముసలితల్లిని, బడికిపోయే పిల్లను. రేషన్‌కార్డు ఎక్కడైనా చెల్లుతుంది కాబట్టి వాళ్ల వాటా బియ్యం అక్కడే తీసుకోవచ్చు, మిగతా వాటా ఇక్కడ అవ్వ తెచ్చుకోవచ్చు. ఇది ఆమెకు ఎవరైనా చెప్పాలి కదా. వలసపోయేవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లనే ఏర్పాటూ ఉంది. అది తెరవాల్సింది మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి పేర్లు రాసుకునే రోజుల్లో. కుటుంబం బండెక్కాక తెరిస్తే, ఆ పిల్ల అప్పటికే పుణెలో ఏదో అపార్ట్‌మెంటు పునాది పక్కన తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంటుంది.