ఆ మీట ఒక్క ఏఐకే ఎందుకు? మొజిల్లాకు బహిరంగ లేఖ

మొజిల్లా కార్పొరేషన్ సీఈఓ ఆంథనీ ఎంజోర్-డెమెయో గారికి, ఫైర్‌ఫాక్స్ రూపకర్తలకు,



2026 ఫిబ్రవరిలో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 148లో సెట్టింగ్స్ తెరిస్తే ఏఐ నియంత్రణల పేరుతో ఒక కొత్త విభాగం కనిపిస్తుంది. పేజీల అనువాదం, పీడీఎఫ్‌లలోని బొమ్మలకు వివరణ, ట్యాబ్‌లను గుంపులుగా సర్దే సూచనలు, లింకు తెరవకముందే దాని సారాంశం, పక్క పట్టీలో చాట్‌బాట్: అన్నీ అక్కడ వరుసగా ఉంటాయి. దేనికది విడిగా ఆపుకోవచ్చు. అనువాదం కావాలి, చాట్‌బాట్ వద్దు అనుకునేవాళ్లకు ఆ వీలుంది. అన్నింటికీ కలిపి ఒక మీట కూడా ఉంది. దాన్ని నొక్కితే ఇప్పుడున్నవే కాక ఇకముందు రాబోయే ఏఐ సదుపాయాలు కూడా వాడుకరి జోలికి రావు. కొత్త వెర్షన్ దిగినా ఆ ఎంపిక చెక్కుచెదరదని మీరు మాట ఇచ్చారు.

వాడుకరులు గట్టిగా అడగబట్టే ఈ మీట వచ్చింది. 2025 డిసెంబరులో మీరు బాధ్యతలు చేపడుతూ ఫైర్‌ఫాక్స్‌ను ఏఐ బ్రౌజర్‌గా తీర్చిదిద్దుతామని ప్రకటించగానే, ఏళ్ల తరబడి దాన్ని నమ్ముకున్నవాళ్లు భగ్గుమన్నారు. ఏఐ అన్నది ఎంపికగానే ఉండాలనీ, తేలిగ్గా ఆపుకోగలిగేలా ఉండాలనీ అదే ప్రకటనలో మీరు రాశారు. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే ఆ మాట నిలబెట్టుకున్నారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు.

ఈ లేఖలో అడిగేది ఒక్కటే. ఏఐ విషయంలో వాడుకరికి ఇచ్చిన ఈ హక్కును ఫైర్‌ఫాక్స్‌లో వచ్చే ప్రతి పెద్ద మార్పుకూ వర్తింపజేయండి.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా గొడవ ఎందుకు జరుగుతోందో మీ పాత వెర్షన్లే చెబుతాయి. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57ను చూడండి. క్వాంటమ్ పేరుతో వచ్చిన ఆ వెర్షన్ సాంకేతికంగా పెద్ద విజయం. సర్వో ప్రాజెక్టులో పుట్టిన, రస్ట్ భాషలో రాసిన కొత్త సీఎస్ఎస్ ఇంజన్ ప్రాసెసర్‌లోని అన్ని కోర్లనూ ఒకేసారి వాడుకుంది. ఏడాది కిందటి ఫైర్‌ఫాక్స్ కంటే రెండింతల వేగం అని మీరు చెప్పుకున్నారు. ఆ తేడా వాడినవాళ్లకు మొదటి రోజే తెలిసింది. క్రోమ్‌కు వెళ్లిపోయినవాళ్లు కొందరు వెనక్కి వచ్చి చూశారు కూడా.

అయితే అదే రోజు చాలామంది బ్రౌజర్‌లో పాత యాడ్ఆన్లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. పాత పద్ధతిలో యాడ్ఆన్ బ్రౌజర్ లోపలి భాగాలను నేరుగా ముట్టుకునేది. అందుకే అది ఏ పనైనా చేయగలిగేది. అందుకే లోపల చిన్న మార్పు జరిగినా అది విరిగిపోయేది, భద్రతకూ ముప్పు ఉండేది. బ్రౌజర్‌ను పలు ప్రాసెస్‌లుగా విడగొట్టడానికి ఆ పద్ధతి అడ్డు. దాన్ని వదిలేస్తున్నామని 2015 ఆగస్టులోనే ప్రకటించారు. రెండేళ్ల గడువు తక్కువేమీ కాదు. ఇబ్బంది మరోచోట వచ్చింది. పాతది తీసేసే రోజుకు యాడ్ఆన్ల కోసం తెచ్చిన కొత్త ఏపీఐలు దాని పనులన్నీ చేయలేకపోయాయి. ఒక పేజీలోని ఫైళ్లన్నిటినీ వరసపెట్టి దించే డౌన్‌దెమ్ఆల్ ఆగిపోయింది. తర్వాత 2019లో తిరిగి రాసినా పాత సదుపాయాలన్నీ రాలేదు. ట్యాబ్‌లను పక్కన చెట్టు కొమ్మల్లా చూపే ట్రీ స్టైల్ ట్యాబ్ కొత్త పద్ధతికి మారింది గానీ, పైనున్న మామూలు ట్యాబ్ పట్టీని దాచే దారి దానికి లేదు. వాడుకరులే ప్రొఫైల్ ఫోల్డర్ వెతుక్కుని, అందులో యూజర్‌క్రోమ్ అనే సీఎస్ఎస్ ఫైలు పెట్టి, ఆ పట్టీని చేత్తో దాచుకున్నారు. నిలువు ట్యాబ్‌లు ఫైర్‌ఫాక్స్‌లోనే భాగంగా వచ్చేసరికి 2025 మార్చి అయింది.

57తో జాస్ స్క్రీన్ రీడర్ వాడే అంధులకు ఎదురైన సమస్య ఇంకా తీవ్రం. క్వాంటమ్ దానితో సరిగ్గా పనిచేయదని తెలిసి, 52వ ఇ.ఎస్.ఆర్. వెర్షన్‌కు మారమని మీరే వాళ్లకు సలహా ఇచ్చారు. ఎక్కువకాలం మద్దతు ఉండే ఆ శాఖ 2018 సెప్టెంబరు దాకా నడిచింది. పాత యాడ్ఆన్లు లేకుండా పని జరగనివాళ్లు కూడా అక్కడే తలదాచుకున్నారు. అంటే వెనక్కి వెళ్లే దారి ఇవ్వడం మీకు చేతకాని పనేం కాదు. ఆ దారి ఉందన్న సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

మొబైల్ వెర్షన్‌లోనూ ఇదే జరిగింది. 2020 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌ను కొత్తగా కట్టారు. అడ్రస్ పట్టీ కిందికి వచ్చింది. బొటనవేలికి అందుతోందని చాలామంది మెచ్చుకున్నారు. పేజీలు తొందరగా తెరుచుకున్నాయి. కానీ అంతకుముందు ఫోన్‌లో వందల కొద్దీ పనిచేసిన యాడ్ఆన్లలో మొదట్లో మిగిలినవి 9. లోపలి అమరికలను మార్చుకునే అబౌట్ కాన్ఫిగ్ పేజీని కూడా మామూలు విడుదలలో మూసేశారు. ఫోన్ బ్రౌజర్‌లో యాడ్ఆన్లు నడవడం ఫైర్‌ఫాక్స్‌ను మిగతావాటి నుంచి వేరుచేసే గుణం. దాన్నే మీరు తగ్గించారు. మళ్లీ యాడ్ఆన్లన్నిటికీ తలుపు తెరిచింది 2023 డిసెంబరులో. మూడేళ్లకు పైగా ఆగడం సామాన్య వాడుకరికి కుదరదు. అప్పటికి అతని ఫోన్‌లో వేరే బ్రౌజర్ స్థిరపడిపోయి ఉంటుంది.

ఇక 2021 జూన్ 1న 89వ వెర్షన్‌తో వచ్చిన ప్రోటాన్ రూపం. ట్యాబ్‌లు కింది పేజీతో అతుక్కోకుండా విడిగా తేలే గుండ్రటి బిళ్లలయ్యాయి, మెనూల్లో చిన్న బొమ్మలు పోయాయి, పట్టీల ఎత్తు పెరిగింది. కొత్తగా, శుభ్రంగా ఉందన్నవాళ్లూ ఉన్నారు. కానీ 768 పిక్సెళ్ల ఎత్తు తెర ఉన్న చవక ల్యాప్‌టాప్ మీద రోజంతా పనిచేసే గుమస్తాకు, విద్యార్థికి, పేజీలో కనిపించే భాగం ఆ మేరకు తగ్గింది. పట్టీలను కుదించే కాంపాక్ట్ ఎంపిక అంతకుముందు నుంచీ ఉండేది. కొత్త రూపంలో దాన్ని దాచేశారు.

అది కావాలంటే ఏం చేయాలో చూడండి. అడ్రస్ పట్టీలో అబౌట్ కాన్ఫిగ్ అని కొట్టాలి. జాగ్రత్త, ఇక్కడ మార్పులు చేస్తే బ్రౌజర్ పనితీరు, భద్రత దెబ్బతినవచ్చన్న హెచ్చరికను ఒప్పుకోవాలి. వెతికే పెట్టెలో బ్రౌజర్, చుక్క, కాంపాక్ట్‌మోడ్, చుక్క, షో అని టైపు చేసి, విలువను ట్రూకి తిప్పాలి. తర్వాత టూల్‌బార్‌ను సర్దుకునే పేజీకి వెళ్లి, సాంద్రత మెనూ తెరవాలి. అప్పుడు కాంపాక్ట్ కనిపిస్తుంది, పక్కనే కుండలీకరణాల్లో దీనికి మద్దతు లేదన్న మాటతో. పాత రూపాన్నే పూర్తిగా తెచ్చుకునే మరో గుప్త మీట కూడా మొదట్లో ఉండేది. రెండు వెర్షన్ల తర్వాత, 91లో అదీ పోయింది. బతుకంతా ఒకే అరలో ఉన్న పోపులపెట్టెను ఎవరో వచ్చి అటక మీద పెడితే ఇల్లాలికి ఎలా ఉంటుందో, పట్టీల ఎత్తు పెరిగిన వాడుకరులకూ అలాగే ఉంది. వంట ఆగలేదు, ప్రతి పూటా చెయ్యి మాత్రం పాత చోటికే పోతోంది.

తక్కువమంది వాడుతున్నారు కాబట్టి తీసేశామన్నది ఇలాంటప్పుడు వినిపించే జవాబు. ఆ జవాబు ఎంత బలహీనమో ట్యాబ్ గుంపుల కథ చెబుతుంది. 2011 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 4తో పనోరమా వచ్చింది. ఒక తెర మీద ట్యాబ్‌లను గుంపులుగా పరిచి చూసుకోవచ్చు. వాడేవాళ్లు కొద్దిమందేనని 2016 మార్చిలో 45వ వెర్షన్‌లో తొలగించారు. ఆ తర్వాత వాడుకరుల సూచనల కోసం మీరే పెట్టిన మొజిల్లా కనెక్ట్‌లో అందరికంటే ఎక్కువ ఓట్లు పడిన కోరిక ఏది? ట్యాబ్ గుంపులే. 4,500 దాటిన ఆ ఓట్ల తర్వాత 2025 ఏప్రిల్‌లో 138వ వెర్షన్‌తో అవి తిరిగొచ్చాయి. వాడకపు లెక్కలు 2016లో అబద్ధం చెప్పాయని కాదు. ఫైర్‌ఫాక్స్‌ను గోప్యత కోసం ఎంచుకున్నవాళ్లలో చాలామంది, వాడకపు లెక్కలను మొజిల్లాకు పంపే టెలిమెట్రీని ఆపేసుకుంటారు. వాళ్లు ఏం వాడుతున్నారో ఆ లెక్కల్లో పడదు. మీ బ్రౌజర్‌ను పదిమందికి చెప్పి పెట్టించేది మాత్రం వాళ్లే.

అలా చెప్పి పెట్టించినవాళ్ల వల్లనే ఫైర్‌ఫాక్స్ నిలబడింది. 2004 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటనకు డబ్బు వేసింది వాడుకరులే. వాళ్ల పేర్లే అందులో అచ్చయ్యాయి. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3ను ఒకే రోజులో 80 లక్షల సార్లకు పైగా దించుకుని గిన్నిస్ రికార్డు కట్టబెట్టింది కూడా వాళ్లే. స్టాట్‌కౌంటర్ లెక్కల్లో 2009 చివర 30 శాతం దాటిన వాటా ఇప్పుడు 3 శాతానికి లోపు. ఆండ్రాయిడ్‌తో పాటే క్రోమ్ రావడం, గూగుల్ ప్రచారబలం ఇందుకు పెద్ద కారణాలు. వాటిని మీరు మార్చలేరు. ఉన్న వాడుకరిని నిలుపుకోవడం మీ చేతిలోని పని.

తెలుగువాళ్లకు ఈ బ్రౌజర్ దగ్గరవడంలో ఒక యాడ్ఆన్‌ది పెద్ద చెయ్యి. దాని పేరు పద్మ. యూనికోడ్ ఇంకా స్థిరపడని రోజుల్లో ఈనాడు, వార్త వంటి పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. అడుగున ఉండేవి లాటిన్ అక్షరాల కోడ్‌లు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఆ ఫాంటు. దానంతటదే దిగే ఆ డైనమిక్ ఫాంట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేసేవి. ఫైర్‌ఫాక్స్‌లో అదే పేజీ తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గుంపులు కనిపించేవి. పద్మ ఆ కోడ్‌లను చదివి, పేజీ తెరుచుకుంటుండగానే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. వార్త చదవడంతో పాటు అందులోంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి మిత్రుడికి పంపడం, పేజీలో మాట వెతకడం కుదిరాయి. తర్వాత అది ఇతర భారతీయ లిపులకూ విస్తరించింది. ఏ పెద్ద కంపెనీ ప్రణాళికలోనూ లేని పని అది. బయటివాళ్లకు బ్రౌజర్‌లో చోటిచ్చారు కాబట్టి జరిగింది.

ఫైర్‌ఫాక్స్ తెలుగులో కనిపించడం వెనుక కూడా జీతం లేని చేతులే ఉన్నాయి. మెనూలు, సందేశాలు, హెచ్చరికలు స్వచ్ఛందులు తెనిగిస్తారు. 2020 నుంచి నాలుగు వారాలకొక వెర్షన్ వస్తోంది. ప్రతిసారీ కొత్త వాక్యాలు వచ్చి చేరతాయి, పాతవి మారతాయి. సమయానికి అనువాదం కానిది తెలుగు మెనూ మధ్యలో ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. రూపాన్ని తరచుగా మార్చినప్పుడల్లా ఆ భారం పడేది వీళ్ల మీద. మీ బడ్జెట్ పట్టికలో అది ఎక్కడా కనిపించదు.

వాడుకరుల మాట వింటే మీరు ఎంత బాగా స్పందించగలరో కూడా వాళ్లకు తెలుసు. 2019 మే మొదటి వారంలో ఒక సర్టిఫికెట్ గడువు ముగిసి, ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ యాడ్ఆన్లు ఆగిపోయాయి. దాన్ని తొందరగా సరిచేయడానికి వాడుకరులను, ప్రయోగాత్మక మార్పులను పంపే స్టడీస్ వ్యవస్థ ఆన్ చేసుకోమన్నారు. దాంతో వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా సమాచారం పోగుపడే వీలుంది కనుక, ఆ వారం రోజుల టెలిమెట్రీ మొత్తాన్నీ చెరిపేస్తామని ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో వాడకపు నిబంధనల్లోని లైసెన్సు వాక్యం మీద అనుమానాలు రాగానే, రెండు రోజుల్లో దాన్ని తిరగరాశారు. ఈ రెండు సందర్భాల్లోనూ వాడుకరి కోపాన్ని మీరు అడ్డంకిగా చూడలేదు, సమాచారంగా తీసుకున్నారు.

కాబట్టి ఈ లేఖ నాలుగు పనులు అడుగుతోంది.

మొదటిది, బ్రౌజర్ రూపాన్ని మార్చే ప్రతి వెర్షన్‌లోనూ పాత రూపానికి వెళ్లే మీటను సెట్టింగ్స్‌లోనే, అందరికీ కనిపించే చోట పెట్టండి. కనీసం ఒక ఇ.ఎస్.ఆర్. కాలం, అంటే సుమారు ఏడాది, దాన్ని తీయకండి. రెండు రూపాలను మోయడం ఖర్చుతో కూడిన పనేనని వాడుకరులకు తెలుసు. అందుకే శాశ్వతంగా ఉంచమని అడగడం లేదు.

రెండోది, ఏ సదుపాయాన్నైనా తొలగించే ముందు, దాని పనిని కొత్తది చేయగలుగుతోందా అన్నది దాని మీద ఆధారపడ్డ యాడ్ఆన్ల రచయితలతోనే తేల్చుకోండి. చేయలేకపోతే తేదీ వాయిదా వేయండి.

మూడోది, తొలగింపు నిర్ణయాలను టెలిమెట్రీ ఒక్కదానికే వదిలేయకండి. మొజిల్లా కనెక్ట్‌లో కొత్త కోరికలకు ఓట్లు అడిగినట్టే, తీసేయాలనుకున్నవాటినీ అక్కడ ముందుగా ప్రకటించి, వాడేవాళ్లు ఎందుకు వాడుతున్నారో చెప్పే అవకాశం ఇవ్వండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల మాటకు అందులో ప్రత్యేకంగా చోటుండాలి.

నాలుగోది, పెద్ద మార్పు ఉన్న వెర్షన్లకు కొత్త వాక్యాలను అనువాదకులకు మామూలు కంటే ముందుగా అందించండి. తెలుగులో ఫైర్‌ఫాక్స్ తెరిచినవాళ్లకు కొత్త రూపం మొదటి రోజు నుంచే తెలుగులో కనిపించాలి.

148వ వెర్షన్‌లో ఏఐ కోసం కట్టిన విభాగం మొదటి పనికి సిద్ధంగా ఉన్న నమూనా. తర్వాత ఏ రూపం తెచ్చినా, ఆ వెర్షన్ విడుదల వివరాల్లో పాత రూపానికి వెళ్లే మీట ఎక్కడుందో, అది ఏ తేదీ దాకా ఉంటుందో మొదటి పేరాలోనే రాయండి.

ఇట్లు,
ఫైర్‌ఫాక్స్ మేలు కోరే ఒక తెలుగు వాడుకరి