తుపాకీ పంటను కాపాడదు

చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి మండలాల్లో అడవి అంచున సేద్యం చేసే ఏ రైతును కదిలించినా మొదట వినిపించేది అడవి పందుల గోడే. మక్క కంకి పాలు పోసుకునే వేళకు మంద చేన్లో దిగుతుంది. తిన్నదానికంటే తొక్కి పాడుచేసేదే ఎక్కువ. పొట్టకొచ్చిన వరి ఉండదు, ఊడలు దిగిన పల్లి ఉండదు. ఈ నష్టాన్ని చిన్నచేసి మాట్లాడేవాళ్లకు రైతు పక్షాన మాట్లాడే అర్హత లేదు. నా పేచీ గోడుతో కాదు, దాని వెనకే వచ్చే పరిష్కారంతో. ‘తుపాకీ ఒక్కటే దారి’ అన్నది ఇప్పుడు రైతూ, నాయకుడూ, చదువుకున్నవాడూ కలిసి ఒప్పుకున్న మాటయిపోయింది. ఆ చర్చ అక్కడితో ఆగదు. పందికి 12 బోరు చాలునా, .315 కావాలా, కోళ్లనూ మేకపిల్లల్నీ ఎత్తుకుపోయే నక్కకు .22 సరిపోదా అంటూ తూటా సైజుల దాకా పోతుంది. ఆ లెక్క ఎంత సరిగ్గా వేసినా చెన్నూరు రైతుకు ఒక్క ఎకరం పంట కూడా మిగలదన్నది నా వాదన.

తూటా లెక్కే ముందు చూద్దాం. ఇంగ్లండులో గొర్రెల మందలు కాచేవాళ్లు నక్కను కాల్చడానికి .223, .22-250, .243 రైఫిళ్లు వాడతారు. అక్కడి నక్క బరువు ఆరేడు కిలోలు. జంతువు ఒక్క దెబ్బకు పడిపోవాలి, గాయంతో పారిపోకూడదు, తూటా దాన్ని దాటిపోయినా వెనకున్న మట్టిగట్టులో దిగబడాలి అన్నవి అక్కడి షరతులు. ఈ షరతుల్ని చెన్నూరుకు తెచ్చి చూడండి. .22 తూటా బరువు రెండున్నర గ్రాములు. వంద కిలోల దాకా తూగే మగపందిని అది గాయపరుస్తుందే గాని పడగొట్టలేదు. గాయపడ్డ పంది తెల్లవారి పత్తి ఏరడానికి వచ్చిన ఆడకూలీకి ఎదురవుతుంది. 12 బోరు గుళ్లు యాభై గజాలు దాటితే చెదిరిపోతాయి. చీకట్లో, ఆకు మాటున, కదిలే మందకు అంత దగ్గరగా పోవడం ప్రాణాంతకం. ఇక ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యే .315 రైఫిలు ఉంది. దాని తూటా పదిహేను గ్రాముల పైమాటే. పందిని తప్పకుండా పడగొడుతుంది. కానీ గురి తప్పితే ఆ తూటా ఎక్కడ ఆగుతుంది? చెన్నూరు చుట్టూ గోదావరి ఒడ్డున ఉన్నది చదును నేల. తూటాను ఆపే గుట్టలు ప్రతి చేను వెనకా లేవు. చిన్న .22 తూటాయే కిలోమీటరున్నరకు పైగా పోతుంది. రాత్రిపూట మా చేన్లలో పంది ఒక్కటే ఉండదు. మంచె మీద కావలి మనిషి ఉంటాడు. మోటారు పెట్టడానికి పోయే రైతు ఉంటాడు. గట్టున కట్టేసిన ఎడ్లుంటాయి. పందిని చంపగల తుపాకీ మనిషికి ముప్పు, మనిషికి ముప్పు తక్కువున్న తుపాకీ పందిని చంపలేదు. చెన్నూరు చేన్లలో ఈ చిక్కును విప్పే బోరు ఏదీ లేదు.

మనుషులకు ఏ హానీ జరగకుండా కాల్చగలిగారనే అనుకుందాం. పందులు తగ్గుతాయా? ఆడపంది చూలు నిలిచాక నాలుగు నెలలు నిండకుండానే ఈనుతుంది. ఒక్క ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. ఫ్రాన్స్‌లోని షాతోవిల్యాన్ అడవిలో వేట ఒత్తిడి తీవ్రంగా ఉన్న పందుల మీద దశాబ్దాల పాటు పరిశోధన జరిగింది. అక్కడ ఆడ పందిపిల్లలు ఏడాది వయసుకే, తక్కువ బరువుతోనే ఎదకు వస్తున్నాయని, ఈతలు కూడా ముందుకు జరిగాయని శాస్త్రవేత్తలు తేల్చారు. కాల్చినకొద్దీ మిగిలిన వాటికి మేత, చోటు ఎక్కువ దొరుకుతాయి. చచ్చినవాటి లోటును అవే పూడుస్తాయి. నక్కల విషయంలోనూ ఇదే జరిగింది. బ్రిటన్‌లో 2001లో పశువుల గాలికుంటు వ్యాధి వల్ల నక్కల వేట దాదాపు ఏడాది పాటు ఆగిపోయింది. ఆ ఏడాది నక్కలు పెరగలేదని 2002లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన పరిశోధన చూపించింది. వేల్స్ అడవుల్లో రైఫిళ్లతో నక్కల్ని కాల్చినా వసంతానికి వాటి సంఖ్య తగ్గలేదని, పక్క అడవుల నుంచి కొత్తవి వచ్చి చేరుతున్నాయని 2006లో మరో పరిశోధన చెప్పింది. మనకంటే మేలైన తుపాకులు, మేలైన గురి, పగటిలా చూపించే రాత్రి దుర్భిణీలు ఉన్నవాళ్ల అనుభవం ఇది. ప్రాణహిత అవతల మహారాష్ట్ర దాకా పరుచుకున్న అడవి పక్కన, చెన్నూరు శివారులో పది పందుల్ని కాలిస్తే ఆ ఖాళీ ఎన్నాళ్లు ఉంటుంది?

నక్క పేరు ఎత్తాను కాబట్టి దాని సంగతీ తేల్చాలి. కోడిని ఎత్తుకుపోతుంది, పుచ్చకాయ కొరుకుతుంది, నిజమే. అయితే ఏడాది పొడుగునా అది తినేది చేన్లోని ఎలుకల్ని. ఊరవతల పడేసిన పశువు కళేబరాన్ని శుభ్రం చేసేదీ అదే. చిక్కితే పందిపిల్లల్నీ వదలదు. వరి రైతు ఎలుకల మందుకు పెట్టే ఖర్చు గుర్తుచేసుకుంటే నక్క విలువ తెలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. దాన్ని చంపడం నేరం. నక్క మీద ఏ బోరు వాడాలన్న ప్రశ్నకు చెన్నూరులో చోటే లేదు. కోళ్లగూడుకు గట్టి తలుపు, మేకపిల్లలకు రాత్రి దొడ్డి ఉంటే ఆ సమస్య అక్కడితో తీరుతుంది.

ఇప్పుడు తుపాకీ పక్షం వాళ్ల బలమైన వాదనకు వద్దాం. ‘తుపాకీ ఇవ్వకపోతే రైతు కరెంటు తీగ పెడతాడు. తీగ కంటే తుపాకీ మేలు కదా’ అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ జరిగిందేమిటో చూడండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ పంటకు నష్టం చేసే జంతువును అనుమతితో చంపడానికి వీలిస్తుంది. అడవి పందుల్ని కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారాన్ని తెలంగాణ ప్రభుత్వం 2021లో సర్పంచులకే అప్పగించింది. కాల్చేది లైసెన్సున్న షూటర్లే. అంటే తుపాకీ దారి తెరుచుకుని ఏళ్లయింది. మరి తీగలు ఆగాయా? 2024 ఫిబ్రవరిలో గోదావరి అవతల కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో, జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో చనిపోయాడు. 2025 మేలో పెంచికల్‌పేట అడవుల్లో ఆడపులి కరెంటుకు బలైంది. తుపాకీకి అనుమతి వచ్చినా తీగ అలాగే ఉండటానికి కారణం ఉంది. షూటరు ఒక రాత్రికి వస్తాడు. పంది ప్రతి రాత్రీ వస్తుంది. తీగ రైతు నిద్రపోయినా పనిచేస్తుంది, దానికయ్యే ఖర్చు కూడా చాలా తక్కువ. రాత్రంతా చేనుకు కాపలా కావాల్సిన రైతుకు ఒక్క రాత్రి షూటరు బదులు కాలేడు. ఆ అవసరాన్ని మరో విధంగా తీర్చనంత కాలం తీగ పోదు.

ఆ తీగ ఈ ప్రాంతంలో ఏం చేసిందో చెన్నూరుకు తెలుసు. 2016 చివర్లో కోటపల్లి మండలం పిన్నారం దగ్గర తీగకు పులి చనిపోయింది. 2019 జనవరిలో జైపూర్ మండలం శివ్వారం వైపు మరో పులి పోయింది. అటవీ శాఖ కె-4 అని పేరుపెట్టిన ఆడపులి నడుముకు ఉచ్చు బిగుసుకుని చాలా కాలం చెన్నూరు అడవుల్లోనే తిరిగింది. మహారాష్ట్రలోని తడోబా నుంచి ప్రాణహిత దాటి కవ్వాల్‌కు పోయే పులులకు ఈ అడవులే బాట. పంది పులికి ముఖ్యమైన ఆహారం. ఒకవేళ పందుల్ని ఏడాది పొడుగునా అడ్డూ అదుపూ లేకుండా కాల్చి అడవిలో ఆ ఆహారాన్ని నిజంగానే తగ్గిస్తే ఆకలిగొన్న పులి ఊరి మందల వైపే చూస్తుంది. పశువు పోయిన రైతు కడుపుమంటతో కళేబరంలో విషం కలుపుతాడు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో దరిగాం దగ్గర అలా విషం తిన్న పులి చచ్చిపడింది. పంది మీద పేల్చిన తుపాకీ చివరికి పశువుల దొడ్డికే చేటు తెస్తుంది. పందుల్ని తగ్గించే పని ఏళ్ల తరబడి, పైసా ఖర్చు లేకుండా చేసేవి పులీ చిరుతలే. చెన్నూరులో మనం వాటినే పోగొట్టుకుంటున్నాం.

అయితే రైతు ఏం చేయాలి? చేతులు ముడుచుకుని కూర్చోమని నేను చెప్పడం లేదు. అతనికి కావలసింది సోలార్ కంచె. స్తంభం నుంచి నేరుగా గుంజిన తీగలో కరెంటు ఆగకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోయి తాకినవాడు విడిపించుకోలేడు, అందుకే ప్రాణం పోతుంది. సోలార్ కంచెలో ఎనర్జైజర్ అనే పెట్టె సెకనుకు ఒకసారి మాత్రమే, సెకనులో నూరో వంతు కూడా లేని చిన్న దెబ్బ కొడుతుంది. పంది బెదిరి వెనక్కి పోతుంది. మనిషి తాకినా బతుకుతాడు. ఒక్కో రైతు తన రెండెకరాల చుట్టూ వేసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అడవి అంచున ఊరంతా కలిసి ఒకే వరుస వేసుకుంటే తలా కొంచెమే పడుతుంది. గ్రామ పంచాయతీ పూనుకుంటే, ప్రభుత్వం సగానికి పైగా భరిస్తే ఇది అయ్యే పని. దీనికి తోడు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పందుల మీద ఏళ్లుగా పనిచేసి చెప్పిన పద్ధతులున్నాయి. మక్క చుట్టూ ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరుసలు వేసుకోవాలి. ఇవి మన నేలలో మొలిచే పంటలే, కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు.

అయినా కొంత పంట పోతుంది. ఆ పోయినదానికి డబ్బు రావాలి, ఆ పంట కాలంలోనే రావాలి. అడవి జంతువుల వల్ల పోయిన పంటను 2026 వానాకాలం నుంచి ఫసల్ బీమా కింద చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలన్నది షరతు. తెలంగాణ ఆ పథకం నుంచి 2020లోనే బయటికి వచ్చింది. కేంద్రం పథకమో, రాష్ట్రం సొంత పథకమో, చెన్నూరు రైతుకు ఆ రక్షణ దక్కాలి. చేను చూడటానికి అధికారి మూడు రోజుల్లో రావాలి. ఆ లెక్కకు కౌలు రైతును కూడా రైతుగానే చూడాలి. ఇవి జరిగితే తీగ పెట్టాల్సిన అగత్యం సగం తీరిపోతుంది.

తుపాకీ అడిగే నాయకులకు ఒక మాట. లైసెన్సు కాగితం ఇచ్చి చేతులు దులుపుకోవడం తేలిక. కంచెకూ పరిహారానికీ బడ్జెట్ కావాలి, అందుకే తుపాకీ మాట మీకు సులువుగా నోట వస్తున్నది. రైతులకూ ఒక విన్నపం. వచ్చే గ్రామసభలో ఏ బోరు తుపాకీ అన్న చర్చ వద్దు. మన ఊరి అడవి అంచు ఎన్ని కిలోమీటర్లు, దానికి కంచె ఎంతవుతుంది, అందులో ప్రభుత్వం ఇచ్చేదెంత అని అడగండి. తీర్మానం రాయించండి, సంతకాలు పెట్టించండి. ఆ కాగితం మండలం దాటి జిల్లా కలెక్టరు దాకా పోయే వరకు వెంటపడండి. మీ చేనులో కరెంటు తీగ ఉంటే, ఈ రోజు పొద్దుగూకే లోపే దాన్ని తీసేయండి.