ఆ మాత్ర ఎప్పుడు మానేస్తావని అడగకండి



గుడ్డివాడైన బర్తిమయి దారి పక్కన కేకలు వేస్తుంటే జనం ఊరుకోమని గద్దించారు. యేసు ప్రభువు అతన్ని పిలిపించి, ఏం కావాలని అడిగారు (మార్కు 10). ఆయనకు తెలియక కాదు, బాధపడేవాని మాటకు విలువ ఇచ్చారు. నేను మాత్రం ఆ గద్దించిన జనంలో ఒకడినయ్యాను.

మన సంఘంలో ఒక సహోదరుడు మిర్చి టిక్కీలు మోసి నడుము పోగొట్టుకున్నాడు. అతని అనుమతితోనే రాస్తున్నాను, పేరు రాయను. నొప్పికి వేసుకున్న ట్రమడాల్ బిళ్లలు వ్యసనమయ్యాయి. మానితే వణుకు, విరేచనాలు, నిద్రలేని రాత్రులు. మానసిక వైద్యుడు బుప్రెనార్ఫిన్ ఇచ్చారు. నాలుక కింద కరిగించుకునే మాత్ర అది. నేనేమో ప్రార్థన కూడికలో, "విశ్వాసముంటే అది కూడా పారేయ్" అన్నాను. పారేశాడు. కొన్నాళ్లకే మళ్లీ పాత బిళ్లలకు వెళ్లాడు. కొంతకాలం మానినవాళ్లు పాత మోతాదు వేసుకుంటే ఊపిరే ఆగిపోవచ్చని డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు వణుకు పుట్టింది.

అతను తిరిగి వైద్యంలో చేరాక మొదటిసారి అడిగాను: "ఈ మాత్రతో నీకెట్లా ఉంది తమ్ముడూ?"

"నిద్ర పడుతోంది అయ్యగారూ. పనికి పోతున్నా. అబద్ధాలు చెప్పి అప్పు అడగడం పోయింది. డాక్టరుగారి దగ్గరికి పోయిన రోజు మాత్రం కూలి పోతుంది. అన్నిటికన్నా మందిరంలో చూపులే కష్టం."

ప్రియులారా, ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకోవడం కాదిది. సరైన మోతాదులో ఈ మాత్ర తహతహను, వణుకును అణచి మనిషిని నిలబెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. షుగరు మాత్ర వేసుకునేవాళ్ల విశ్వాసాన్ని మనం ప్రశ్నించం కదా! హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం చేసిన దేవుడే, అతని పుండుకు అంజూరపు పండ్ల కట్టు కట్టనిచ్చాడు (యెషయా 38).

2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే ప్రకారం, ఇలాంటి మత్తుమందుల వల్ల సహాయం అవసరమైనవారు దేశంలో సుమారు 77 లక్షల మంది. మన పల్నాడు పల్లెల్లో లేరనుకోకండి.

మాత్ర ఎప్పుడు ఆపాలో అతనూ డాక్టరుగారూ తేల్చుకుంటారు. మనం చేయగలిగింది బస్సు ఛార్జీ ఇవ్వడం, తోడు వెళ్లడం, ఆ చూపులు మానడం. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే 14446కు ఫోన్ చేయండి, నాకూ చెప్పండి. ఈసారి ముందు వింటాను, ఆ తర్వాత ప్రార్థిస్తాను.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.