మొదటి అట్టు చూసి పిండి పారబోస్తామా?

ఆటల పేజీ మగవాళ్ళది, వంటల పేజీ ఆడవాళ్ళది అని ఎవరు పంపకాలు పెట్టారో గానీ, మా ఇంట్లో మాత్రం హాకీ మ్యాచ్ ఉందంటే రిమోట్ నా చేతికే వస్తుంది. క్రికెట్ అంటే మావారికి ప్రాణం, హాకీ అంటే నాకు. అందులోనూ మన ఆడపిల్లలు ఆడుతున్నారంటే ఇక చెప్పక్కర్లేదు. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే పని అత్తగారికి అప్పగించేసి టీవీ ముందు కూర్చుంటాను.

ఈ వారం మీతో ఒక మాట చెప్పుకోవాలనిపించింది. ఏ పోటీ మొదలైనా సరే, రెండు మూడు మ్యాచ్‌లు అయ్యీ అవకముందే మనవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. గెలిస్తే "ఇంకేముంది, కప్పు మనదే!" ఓడితే "వీళ్ళ మొహం, వీళ్ళకి ఆటెందుకు?" ఇక ఆడపిల్లల ఆటైతే ఆ రెండో మాట ఇంకాస్త తొందరగా వచ్చేస్తుంది.

మనం రోజూ అట్లు పోసేవాళ్ళమే కదా! పెనం సరిగ్గా కాలకముందు పోసిన మొదటి అట్టు అంటుకుపోతుంది, చిరిగిపోతుంది. అంతమాత్రాన గిన్నెడు పిండీ తీసుకెళ్ళి పారబోస్తామా? కాస్త నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, మంట సరిచేసి రెండోది పోస్తాం. అదే పిండి పులిసి కంపుకొడుతుంటే పదో అట్టు కూడా బాగుండదు. తప్పు పెనానిదా, పిండిదా అని కనిపెట్టడమే తెలివి. హాకీలో మొదటి మ్యాచ్‌లు చూసేటప్పుడు కూడా సరిగ్గా ఇదే తెలివి కావాలంటాను నేను.

టోక్యో ఒలింపిక్స్ సంగతే తీసుకోండి. కరోనా వల్ల ఏడాది ఆలస్యమై 2021లో జరిగాయి. అంతకుముందు 2016లో రియో ఒలింపిక్స్‌కి మన అమ్మాయిలు 36 ఏళ్ళ తర్వాత వెళ్ళారు. ఐదు మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. జపాన్‌తో 2-2 డ్రా ఒక్కటే దక్కింది. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. అందుకే టోక్యోకి వెళ్ళేటప్పుడు పెద్దగా ఎవరూ ఆశపెట్టుకోలేదు.

జూలై 24న మొదటి మ్యాచ్ నెదర్లాండ్స్‌తో, 1-5తో ఓడిపోయాం. 26న జర్మనీతో 0-2. 28న గ్రేట్ బ్రిటన్‌తో 1-4. మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు. మనం కొట్టినవి రెండు గోల్స్, మనకి పడినవి పదకొండు. "ఇంక సామాన్లు సర్దుకుని వచ్చెయ్యమనండి" అన్నవాళ్ళు ఎంతమందో!

కానీ ఆ మ్యాచ్‌లు కళ్ళతో చూసినవాళ్ళకి తెలుసు. నెదర్లాండ్స్ మ్యాచ్‌లో మన కెప్టెన్ రాణి రాంపాల్ పదో నిమిషంలోనే గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. సగం ఆట అయ్యేసరికి 1-1. ప్రపంచంలో అందరికంటే పెద్ద జట్టుని అరగంటసేపు నిలబెట్టారన్నమాట. మూడో క్వార్టర్‌లో పట్టు తప్పింది, అంతే. జర్మనీ మీద మనకి పెనాల్టీ స్ట్రోక్ వచ్చింది, అది గోల్ కాలేదు. అయి ఉంటే ఆ మ్యాచ్ ఇంకో దారి పట్టేదేమో.

ఇంకో సంగతి. మొదట తగిలినవాళ్ళెవరో చూడండి. ఆ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తీసుకెళ్ళింది నెదర్లాండ్స్. కాంస్యం గ్రేట్ బ్రిటన్‌ది. జర్మనీ సంగతి సరేసరి. పరీక్షలో కష్టమైన లెక్కలన్నీ మొదటి పేజీలోనే ఇచ్చినట్టు, మన పిల్లలకి గట్టి జట్లన్నీ ముందే వచ్చాయి. ఆ వరస చూడకుండా మార్కులు మాత్రం చూసి "మొద్దు" అంటే ఎలా?

తర్వాత ఏమైందో మీకూ గుర్తుండే ఉంటుంది. జూలై 30న ఐర్లండ్‌తో మ్యాచ్. పెనాల్టీ కార్నర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, ఒక్కటీ గోల్ అవ్వదు! మొత్తం అరవై నిమిషాల ఆటలో 57వ నిమిషం దాకా గోల్ లేదు. అప్పుడు నవనీత్ కౌర్ బంతిని లోపలికి నెట్టింది. 1-0. మర్నాడు దక్షిణాఫ్రికాతో 4-3. అందులో వందనా కటారియా మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారతీయ మహిళ ఆమే. అదే సాయంత్రం బ్రిటన్ ఐర్లండ్‌ని ఓడించడంతో మన జట్టు నాలుగో స్థానంలో క్వార్టర్ ఫైనల్‌కి చేరింది.

ఆగస్టు 2, సోమవారం, పొద్దున టిఫిన్ల వేళ. ఎదురుగా ఆస్ట్రేలియా. గ్రూపులో ఐదుకి ఐదూ గెలిచి, మొత్తం మీద ఒకే ఒక్క గోల్ ఇచ్చిన జట్టు. 22వ నిమిషంలో గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్ గోల్ కొట్టింది. ఆ తర్వాత మన గోల్‌కీపర్ సవిత గోడలా నిలబడింది. ఆస్ట్రేలియాకి ఏడు పెనాల్టీ కార్నర్లు వచ్చాయి. ఏడూ వృథా! మన ఆడపిల్లలు మొట్టమొదటిసారి ఒలింపిక్స్ సెమీఫైనల్‌కి వెళ్ళారు. ఆ జట్టుతోపాటు రిజర్వ్ గోల్‌కీపర్‌గా టోక్యో వెళ్ళిన రజని మన అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి పిల్లే. మనకి అదో సంతోషం.

సెమీఫైనల్లో అర్జెంటీనాతో 1-2, కాంస్యం కోసం బ్రిటన్‌తో 3-4. పతకం రాలేదు. అయినా తొమ్మిది రోజుల కిందట 1-4తో ఓడించిన అదే బ్రిటన్‌ని ఈసారి రెండు గోల్స్ వెనకపడి కూడా సగం ఆటకి 3-2తో దాటేశారు. పిండి బాగుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

"అయితే మొదటి మ్యాచ్‌లకి విలువే లేదంటావా?" అని మీరడగొచ్చు. అలా అనను. దానికీ లెక్కుంది. 2024 జనవరిలో రాంచీలో పారిస్ ఒలింపిక్స్‌కి అర్హత పోటీలు జరిగాయి. మొదటి మ్యాచ్‌లోనే అమెరికా చేతిలో 0-1తో ఓడిపోయాం. తర్వాత న్యూజిలాండ్‌ని 3-1తో, ఇటలీని 5-1తో ఓడించినా గ్రూపులో రెండో స్థానమే వచ్చింది. దాంతో సెమీఫైనల్లో అవతలి గ్రూపులో మొదటి స్థానంలో ఉన్న జర్మనీ ఎదురైంది. 2-2 దాకా పోరాడి షూటౌట్‌లో ఓడారు. మిగిలిన ఒక్క స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో జపాన్ 1-0తో గెలిచింది. పారిస్ దారి మూసుకుపోయింది. ఆ మొదటి రోజు ఇచ్చిన ఒక్క గోల్ ఎంత దూరం తీసుకెళ్ళిందో చూశారా! చిన్న పోటీల్లో మొదటి అట్టు కూడా వడ్డించాల్సిందే, పక్కన పెట్టడానికి ఉండదు.

దీనికి తలకిందులు కథ కూడా ఉంది. ప్రో లీగ్ అని తొమ్మిది జట్లు నెలల తరబడి ఆడుకునే పోటీ. 2025 ఫిబ్రవరిలో మన అమ్మాయిలు భువనేశ్వర్‌లో మొదటి ఎనిమిది మ్యాచ్‌లు ఆడారు. ఇంగ్లండ్‌ని ఓడించారు, జర్మనీని ఓడించారు, చివర్లో ఒలింపిక్ విజేత నెదర్లాండ్స్‌ని 2-2తో ఆపి షూటౌట్‌లో గెలిచారు. మా ఇంట్లో ఆ రోజు పండగే! అప్పుడు చూసినవాళ్ళెవరైనా "ఈ ఏడాది మనకి తిరుగులేదు" అనే అనుకుంటారు. జూన్‌లో యూరప్ వెళ్ళి మిగతా ఎనిమిదీ ఆడారు. ఒక్క గెలుపు లేదు. తొమ్మిదో స్థానంలో నిలిచి ఆ లీగ్ నుంచి కిందికి జారిపోయారు. మనింటి పెనం మీద, మన పొయ్యి మీద అట్లు బాగానే వస్తాయి. పరాయి వంటింట్లో పోసినప్పుడు కదా చేతివాటం తెలిసేది!

అందుకే మొదటి మ్యాచ్‌లు చూసేటప్పుడు స్కోరొక్కటే కాకుండా నేనేం చూస్తానో చెబుతాను. మీకూ పనికొస్తాయి.

1. ఎవరితో, ఎక్కడ ఆడుతున్నారు? పెద్ద జట్టు చేతిలో రెండు గోల్స్‌తో ఓడటం, చిన్న జట్టు మీద కిందామీదా పడి గెలవడం ఒకటి కావు. సొంత గడ్డా, పరాయి గడ్డా అన్నది కూడా చూసుకోవాలి.

2. గోల్స్ ఎప్పుడు పడుతున్నాయి? హాకీలో పదిహేనేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. మొదటి క్వార్టర్లో పడితే బెరుకు అనుకోవచ్చు, రెండు మూడు మ్యాచ్‌లకి పోతుంది. ప్రతిసారీ ఆఖరి క్వార్టర్లోనే పడుతుంటే మాత్రం ఒంట్లో సత్తువ చాలడం లేదేమోనని ఆలోచించాలి. అది ఒక్క రోజులో వచ్చేది కాదు.

3. డీ లోపలికి ఎన్నిసార్లు వెళ్ళారు? గోల్ ముందు గీసిన ఆ అర్ధచంద్రాకారపు గీత లోపలినుంచి కొడితేనే గోల్. పదిసార్లు లోపలికి వెళ్ళి గోల్ కాలేదంటే చివరి దెబ్బ సరిచేసుకుంటే చాలు. అసలు లోపలికే వెళ్ళలేకపోతుంటే బెంగపడాలి.

4. పెనాల్టీ కార్నర్ ఎలా తీస్తున్నారు? గోల్ గీత దగ్గర్నుంచి ఒకరు బంతి నెడితే, డీ అంచున ఒకరు ఆపి, ఇంకొకరు కొడతారు. ముగ్గురి చేతులూ ఒక్క చేతిలా పనిచెయ్యాలి. మొదటి మ్యాచ్‌ల్లో బంతి ఆపేచోట తడబడటం మామూలే. పోనుపోను కుదురుతోందా లేదా అన్నది చూడండి.

5. గోల్ పడ్డాక తర్వాతి ఐదు నిమిషాలు ఎలా ఆడుతున్నారు? నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఒకళ్ళ మీద ఒకళ్ళు చేతులు విసురుకుంటున్నారా, దగ్గరికొచ్చి భుజం తట్టుకుంటున్నారా? టోక్యోలో మూడు ఓడాక కూడా మన పిల్లలు భుజాలే తట్టుకున్నారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మనం తేలిగ్గా విసిరే మాట ఎక్కడ తగులుతుందో మనకి తెలీదు. రాణి రాంపాల్ వాళ్ళ నాన్న హర్యానాలో బండి తోలి బతికినాయన. శిక్షణకి వచ్చే పిల్లలు రోజూ అర లీటరు పాలు తెచ్చుకోవాలని నియమం. వాళ్ళింట్లో 200 మిల్లీలీటర్లకే డబ్బులుండేవట. ఎవరికీ తెలియకుండా అందులో నీళ్ళు కలుపుకుని తాగేదాన్నని ఆమే చెప్పింది. పాలలో నీళ్ళు ఎందుకు కలుపుతామో మనకి ఒకరు చెప్పాలా?

వందన సంగతి ఇంకా కష్టం. 2021 మేలో ఆమె తండ్రి పోయారు. తను బెంగళూరు శిక్షణ శిబిరంలో ఉంది. కరోనా రోజులు, కడసారి చూపుకి కూడా వెళ్ళలేకపోయింది. రెండు నెలలు తిరిగేసరికి టోక్యోలో హ్యాట్రిక్ కొట్టింది. సెమీఫైనల్లో జట్టు ఓడిన రోజున హరిద్వార్ దగ్గర వాళ్ళ ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారని కుటుంబసభ్యులు ఫిర్యాదు చేశారు. పోలీసులు అరెస్టులు కూడా చేశారు. నాలుగు రోజుల కిందట ఆమె కొట్టిన మూడు గోల్స్ లేకపోతే ఆ సెమీఫైనలే లేదు! ఓటమిని సాకుగా పెట్టుకుని మనుషుల్ని మాటలనడం ఎంత దూరం పోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అభిమానం అన్నాక బాధ ఉంటుంది, కోపం వస్తుంది. నేనూ టీవీ ముందు "అయ్యో, పాస్ ఇవ్వవే తల్లీ!" అని అరుస్తూనే ఉంటాను. ఆటని ఆటగా తిడితే తప్పు లేదు. బంతి ఆపలేదనొచ్చు, పరిగెత్తలేదనొచ్చు. "ఆడపిల్లలకి ఇవి ఎందుకు" అనే మాట మాత్రం మన నోటెంట రాకూడదు. పక్క గదిలో చదువుకుంటున్న మన పిల్ల ఆ మాట వింటుంది. రేపు తను మొదటిసారి స్టేజీ ఎక్కినా, మొదటి పరీక్షలో మార్కులు తగ్గినా, కొత్త ఉద్యోగంలో మొదటి నెల తడబడినా ఆ మాటే గుర్తొస్తుంది.

ఈసారి హాకీ పోటీలు మొదలైనప్పుడు ఇంట్లో ఆడపిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మొదటి రెండు మ్యాచ్‌లు పోయినా టీవీ కట్టెయ్యకుండా మూడోదీ నాలుగోదీ కూడా చూడండి. నే చెప్పిన ఐదూ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కో మ్యాచ్‌కీ పిల్ల చేతే టిక్కులు పెట్టించండి. నాలుగో మ్యాచ్‌కల్లా మీరిద్దరూ మగవాళ్ళకి హాకీ పాఠాలు చెప్పకపోతే అడగండి!